కట్టడం, నాటడం: యిర్మీయా మీద రాస్తున్న చెల్లెమ్మకు

ప్రియమైన చెల్లెమ్మా,

వందనాలు. బైబిల్లోని యిర్మీయా ప్రవక్త గ్రంథం మీద నీ వ్యాసం చదివాను. యూదా రాజ్యం మీద దేవుడిచ్చిన తీర్పును ఒక్క పేరాలో ముగించేసి, మిగతాదంతా ఓదార్పుతో నింపావు. తీర్పు గురించి రాయడానికి భయపడ్డావని తెలుస్తూనే ఉంది. కూలిందేమిటో చూడని పాఠకుడికి మళ్లీ కట్టబడిందేమిటో ఎలా తెలుస్తుంది?

ముందు 1:10 (1వ అధ్యాయం, 10వ వచనం) తీసుకో, దేవుడు యిర్మీయాకు అప్పగించిన పని అక్కడుంది. పెల్లగించడం, విరగగొట్టడం, నశింపజేయడం, పడద్రోయడం, కట్టడం, నాటడం. ఆరు క్రియల్లో నాలుగు కూల్చేవే. వీటిని ఒక కాగితం మీద రాసుకుని పుస్తకమంతా చదువు. కనిపించిన చోటల్లా వచనం సంఖ్య వేసుకో. 18లో కుమ్మరి దగ్గర, 24లో అంజూరపు పండ్ల గంపల దగ్గర, 31:28లో, 42:10లో, 45:4లో దొరుకుతాయి. 31:28 దగ్గర ఆగు. పెల్లగించడానికి ఎలా కనిపెట్టి ఉన్నాడో, నాటడానికీ అలాగే కనిపెట్టి ఉంటానంటాడు యెహోవా. హీబ్రూలో ఈ కనిపెట్టడం 1:12లోని 'షోకేద్' అన్న మాటే. దానికి ముందు వచనంలో ప్రవక్త చూసిన బాదం చెట్టు 'షాకేద్'. తెలుగులో ఈ జత వినపడదు కాబట్టి నువ్వే ఒక్క వాక్యంలో చెప్పాలి. కూల్చేటప్పుడు కాపలా కాసిన కన్నే కట్టేటప్పుడూ కాపలా కాస్తుంది. కోపం ఒకరిది, కనికరం ఇంకొకరిది అన్నట్టు రాశావంటే ఈ పుస్తకం చేజారిపోతుంది.

రెండో పని తేదీలు. అధ్యాయాలు కాలక్రమంలో లేవు. 24 యూదా చివరి రాజు సిద్కియా కాలంది, 26 అంతకుముందున్న యెహోయాకీము ఏలుబడి ఆరంభంలోది, 35, 36 మళ్లీ యెహోయాకీము కాలానివే. అధ్యాయం మొదట్లో ఏ రాజు పేరుందో చూసి పట్టిక వేసుకో. యూదులను బబులోనుకు పట్టుకుపోయిన మొదటి పెద్ద చెర క్రీ.పూ. 597, యెరూషలేము పతనం 586 (587 అనేవారూ ఉన్నారు), వాళ్లను తిరిగి వెళ్లనిచ్చిన పారసీక రాజు కోరెషు ఆజ్ఞ 538. ఓదార్పు మాటలు నిండిన 30–33 అధ్యాయాలు పుస్తకం మధ్యలో ఉన్నాయి, పతనం 39లో వస్తుంది. "ముందు తీర్పు, తరువాత పునరుద్ధరణ" అన్న నీ ఉపశీర్షికలు అందుకే నిలబడవు.

ఇక 29:11, మేలైన భవిష్యత్తు, నిరీక్షణ ఇస్తానన్న వాగ్దానం. కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దానపు కార్డు మీద మన ఇళ్లలోకి ఎన్నిసార్లు వచ్చిందో ఈ వచనం. నువ్వూ దాన్ని ఒంటరిగానే ఎత్తి రాశావు. దాని పై వచనం తిరిగి రావడానికి 70 ఏళ్లు అంటోంది. చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే కన్నుమూస్తారని దాని అర్థం. 28వ అధ్యాయంలో హనన్యా అనే అబద్ధ ప్రవక్త చెప్పింది రెండేళ్లే. అది విని యిర్మీయా మొదట "ఆమేన్" అన్నాడు చూడు! అతనికీ అదే కావాలి. బబులోనుకు లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని హనన్యా విరిచినప్పుడు కూడా జవాబివ్వకుండా వెళ్లిపోయాడు. చెక్క కాడికి బదులు ఇనుప కాడి వస్తుందన్న దేవుని మాట తరువాత వచ్చింది. ఈ మౌనం మీద నువ్వు కనీసం ఒక పేరా ఖర్చుపెట్టాలి. ఆ తరువాతే 29:5కి రా: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి. ఆరు క్రియల్లో చివరి రెండూ మొదట శత్రుదేశంలో, చెరపట్టినవాడి నేల మీద మొదలయ్యాయి.

యిర్మీయా పొలం కొన్న 32వ అధ్యాయాన్ని "విశ్వాస క్రియ" అని ఒక్క మాటలో తేల్చేశావు. వివరాలు రాయి. నగరం ముట్టడిలో ఉంది, ప్రవక్త కావలిశాలలో బందీ, పొలం అతని సొంతూరు అనాతోతులో. వెల పదిహేడు తులాలు, అంటే దాదాపు 200 గ్రాముల వెండి. క్రయపత్రాలు రెండు, ఒకటి ముద్ర వేసినది, ఒకటి తెరిచి ఉన్నది. చాలాకాలం నిలిచేలా రెండింటినీ మట్టికుండలో పెట్టమని తన లేఖికుడు బారూకుకు చెప్పాడు. ఇంత పద్ధతిగా ముగించాక యిర్మీయా ప్రార్థనకు దిగాడు: ముట్టడి దిబ్బలు కనిపిస్తున్నాయి, నగరం కల్దీయుల (బబులోనువాళ్ల) చేతికి పోతోంది, నువ్వేమో పొలం కొనమన్నావు! 16 నుంచి 25 దాకా పది వచనాలు, అన్నీ వెండి తూచి ఇచ్చేసిన తరువాతి మాటలే. నీ వ్యాసంలో వాటికి చోటు లేదు. ఈసారి అక్కడే మొదలుపెట్టి రాసి పంపు.

ప్రేమతో,
అన్నయ్య