సాక్ష్యం చెప్పాక కీమోకి వెళ్తే విశ్వాసం తగ్గినట్టా?

ప్రశ్న: మాది గోపాలపట్నం. మా అమ్మకు 54 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ వస్తే పరీక్షలు చేసి రెండో దశ క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ బాగా జరిగింది. తర్వాత ఎనిమిది కీమోలు కావాలన్నారు, మూడు అయ్యాయి. ఆ తర్వాత తీసిన స్కాన్‌లో ఏమీ లేదని రావడంతో ‘దేవుడు నన్ను ముట్టాడు, ఇక సూదులు అక్కర్లేదు’ అని ఆపేసింది. సంఘంలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పింది. మూడో కీమో అయి ఐదు వారాలు దాటింది. ఇప్పుడు వారానికి రెండు రోజులు ఉపవాస ప్రార్థన. మా ఇంట్లో అందరం విశ్వాసులమే. కానీ నేను ఆస్పత్రి మాట ఎత్తితే చాలు, ‘నీకు విశ్వాసం లేదు’ అని ఏడుస్తుంది. ఏం చేయాలో తోచడం లేదు.
– ఒక కూతురు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు ఆలస్యం చేయకూడని మాట చెప్పేస్తాను. రొమ్ము క్యాన్సర్‌కి ఎక్కువగా ఇచ్చే పద్ధతిలో కీమోకీ కీమోకీ మధ్య 21 రోజులు ఉంటాయి. ఆ లెక్కన మీ అమ్మగారికి రెండు వారాల పైనే ఆలస్యమైంది. చేయి దాటిపోలేదు. సాధారణంగా ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టరు. కానీ ఈ ఖాళీ నెలల్లోకి పోయేకొద్దీ కీమో వల్ల దక్కాల్సిన మేలు తరిగిపోతుంది. అందుకని ఆవిడ ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా, రేపే మీరు ఫైలు పట్టుకుని ఆవిడని చూసిన డాక్టర్ దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పండి. పేషెంట్ లేకుండా వచ్చారని ఎవరూ తిట్టరు. ఇలాంటి కూతుళ్లూ కొడుకులూ ఫైలు ఒళ్లో పెట్టుకుని మా ఓపీ బల్లల మీద కూర్చోవడం నాకు కొత్త కాదు.

స్కాన్‌లో ఏమీ లేదన్నది నిజమే. గడ్డని ఆపరేషన్‌లో తీసేశారు, ఇక కనబడటానికి ఏముంటుంది? పొలంలో తుంగ పీకినవాళ్లని అడగండి. పైన ఒక్క పచ్చటి పోచ కూడా ఉండదు, చేను శుభ్రంగా కనిపిస్తుంది. మట్టిలో మాత్రం గడ్డలుంటాయి, రెండు వానలు పడితే మళ్లీ లేస్తాయి. ఆపరేషన్ తర్వాత ఒంట్లో అక్కడక్కడా మిగిలే అవకాశమున్న క్యాన్సర్ కణాలు అలాంటివి. అవి ఏ స్కాన్‌కీ అందనంత చిన్నవి. ఎనిమిది కీమోలు రాసింది వాటి కోసం.

ఇక అసలు సంగతికి వస్తాను. మీరు రాసినదాంట్లో నేను రెండుసార్లు చదివిన వాక్యం ఒకటుంది: సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పింది. నాకు తెలిసినంతలో ముడి అక్కడే పడింది. మైకు పట్టుకుని నలుగురి ముందు ‘దేవుడు బాగుచేశాడు’ అన్న మనిషి, వచ్చే వారం తలకి స్కార్ఫు కట్టుకుని కీమో కుర్చీలో ఎలా కూర్చుంటుంది? సంఘంలో ఎవరైనా చూస్తే ఏమంటారు? తన మాట పోతే పోనీ, దేవుడి మాటే పోతుందేమోనని ఆవిడ భయం. మీరు ‘కీమోకి వెళ్దాం’ అన్నప్పుడల్లా ఆవిడకి వినబడేది ‘నువ్వు చెప్పింది అబద్ధం’ అని. ఏడవక ఏం చేస్తుంది?

కొన్నేళ్ల క్రితం ఆరిలోవ నుంచి ఒకావిడ ఇలాగే మధ్యలో మానేసి, చంకలో బిళ్ల కట్టాక తిరిగి వచ్చింది. కూర్చోగానే జబ్బు గురించి అడగలేదు. ‘అయ్యగారికి మొహం ఎలా చూపించను సార్’ అని అడిగింది. చిత్రం ఏమిటంటే, ఆవిడ కీమో మానేసిన సంగతి ఆ పాస్టరు గారికి అసలు తెలియనే తెలియదు. అయిపోయిందనుకున్నాడట. తెలిసిన మర్నాడు తనే ఆటోలో ఎక్కించుకుని తీసుకొచ్చి, మందు ఎక్కినంతసేపూ బయట కుర్చీలో కూర్చున్నాడు. కాబట్టి మీ అమ్మగారితో వాదించే ముందు మీ అయ్యగారిని ఒకసారి విడిగా కలవండి. ‘మందులు మానెయ్’ అని ఆయన చెప్పారా, లేక ఆవిడే అనుకున్నదా కనుక్కోండి. చాలా ఇళ్లలో రెండోదే అవుతుంది. ఒకవేళ ఆయనే మానమన్నారని తేలితే, మీ కుటుంబం గౌరవించే మరో పెద్దనో, ఇంతకు ముందు ఈ జబ్బుతోనే వైద్యం పూర్తిచేసుకున్న సహోదరినో వెతకండి. ఈ సంగతిలో డాక్టర్ మాట కన్నా అలాంటివాళ్ల మాట బాగా పనిచేస్తుంది.

నేను చర్చికి వెళ్లే కుటుంబంలో పుట్టినవాణ్ని కాను. బైబిల్లో నాకు తెలిసిన కొద్దిపాటీ నా పేషెంట్లు నేర్పిందే. రిటైరైన పాస్టరు గారొకరు కీమో ఎక్కుతుండగా హిజ్కియా రాజు కథ చెప్పారు. రాజుకి చావుజబ్బు. గోడవైపు తిరిగి కన్నీళ్లతో ప్రార్థన చేస్తాడు. దేవుడు విన్నానంటాడు, ఇంకో 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తున్నానంటాడు. ఆ మాట వచ్చేసిన తర్వాత యెషయా ప్రవక్త ఏం చేశాడు? అంజూరపు పళ్ల ముద్ద తెప్పించి రాజు పుండు మీద వేయించాడు. ‘చూశారా డాక్టరుగారూ, మాట ముందు, మందు తర్వాత. మాట వచ్చింది కదా అని ముద్ద మానలేదు’ అన్నారాయన. మీ అమ్మగారికి ఈ కథ నాకన్నా బాగా తెలిసే ఉంటుంది. రెండో రాజుల గ్రంథం 20వ అధ్యాయం తీసి ఆవిడ చేతే చదివించుకోండి, మీరు వ్యాఖ్యానం చేయకండి. చెప్పిన సాక్ష్యాన్ని ఆవిడ వెనక్కి తీసుకోనక్కర్లేదు. కీమో పూర్తయ్యాక మిగతా సగం చెప్పుకోవచ్చు.

‘విశ్వాసం సరిపోలేదు కాబట్టే తగ్గలేదు’ అనే మాట మాత్రం మీ గడప లోపలికి రానివ్వకండి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు కూడా అనేసి పోతారు, ఆ తర్వాత ఆవిడకి నిద్ర ఉండదు. బైబిల్లో పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని దేవుణ్ని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు. ఆయనకి విశ్వాసం తక్కువైందని ఎవరంటారు? అంత దూరం దేనికి, మన ఊరి సంగతే చూడండి. 1805లో విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టిన లండన్ మిషనరీలు ఇద్దరు, క్రాన్, డెస్ గ్రాంజెస్. ఒకాయన 1809లో పోయాడు, రెండో ఆయన 1810లో. ఈ ప్రాంతంలోనే, తలపెట్టిన పని పూర్తికాకుండానే. వాళ్ల విశ్వాసాన్ని ఎవరూ తప్పుబట్టలేదు.

సాక్ష్యం వెనకాల ఇంకో భయం కూడా దాక్కుని ఉండొచ్చు. మొదటి కీమోల్లో ఎక్కువమందికి ఎర్ర మందు ఇస్తారు. రెండో విడతకి వచ్చేసరికి ఆ సీసా రంగు చూస్తేనే కొందరికి వాంతి వస్తుంది. ఇంట్లో ఎవరైనా రోజ్ మిల్క్ తాగినా లేచి వెళ్లిపోతారు. మీ అమ్మగారి చీటీ నేను చూడలేదు గానీ, ఎనిమిది కీమోల పద్ధతిలో సాధారణంగా నాలుగు ఎర్ర మందు, తర్వాత నాలుగు వేరే మందు ఉంటాయి. అంటే ఆవిడకి ఎర్ర మందు ఇంకొక్కటే మిగిలి ఉండొచ్చు. తర్వాతి మందుతో వాంతులు తక్కువ. వేళ్ల తిమ్మిర్లు, ఒళ్లునొప్పులు ఉంటాయి. వాంతులకి ఇప్పుడు మంచి మందులున్నాయి, ముందుసారి పడ్డ ఇబ్బంది డాక్టర్‌కి చెబితే మార్చి ఇస్తారు. ఈ సంగతి ఆవిడకి ఎవరైనా చెప్పారా?

ఉపవాసం గురించి. కీమో మధ్యలో ఉన్న ఒంటికి గుడ్డు, పప్పు, చేప, పెరుగు కావాలి. రెండు రోజులు కడుపు మాడిస్తే బరువు తగ్గుతుంది, నీరసం వస్తుంది, తర్వాతి కీమోకి రక్తంలో కణాలు సరిపడా లేవని వాయిదా వేస్తారు. జబ్బుతో ఉన్నవాళ్లు ఆహారం మానక్కర్లేదని అయ్యగారి నోటితోనే చెప్పించండి. ఆ రోజుల్లో టీవీయో, ఫోనో మానుకుని ప్రార్థనలో కూర్చుంటే నా వైపు నుంచి ఏ అభ్యంతరమూ లేదు. ప్రార్థన నూనె నుదుటికి రాసుకోవచ్చు. కుట్ల మీదా, రేడియేషన్ మొదలయ్యాక అది పడే చోటా డాక్టర్‌ని అడగకుండా ఏదీ రాయొద్దు. ఆపరేషన్ అయిన వైపు చేతిని గట్టిగా మర్దనా చేయొద్దు. కీమో అయిన వారం నుంచి రెండు వారాల దాకా తెల్ల కణాలు బాగా పడిపోతాయి, ఆ రోజుల్లో కిక్కిరిసిన కూడికలకి బదులు ఇంట్లోనే కుటుంబ ప్రార్థన పెట్టుకోండి. జ్వరం 100.4 దాటితే రాత్రి ఎంతైనా సరే, తెల్లారే దాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పటి డాక్టర్ దగ్గర ఆవిడకి మనసు కుదరకపోతే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్ ఉంది. ఖర్చు భయముంటే ఎన్టీఆర్ వైద్య సేవ కింద కీమోకి వీలుంటుంది, ఆస్పత్రిలోనే అడగండి. వేలూరు సీఎంసీ ఆస్పత్రికి వెళ్తానంటుందేమో, మన దగ్గర చాలామంది విశ్వాసులకి ఆ పేరు మీద గురి. అది కూడా 1900లో ఐడా స్కడర్ అనే మిషనరీ డాక్టర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆస్పత్రే. కానీ ఇప్పుడు రైలు టికెట్లు, అపాయింట్‌మెంట్లు అంటూ ఇంకో నెల పోగొట్టుకోకండి. అన్నం తినక, నిద్రపోక, ‘నాలో పాపముంది’ అని అదే మాట తిరగేస్తుంటే మాత్రం అది డిప్రెషన్ కావచ్చు. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

మా దగ్గర వైద్యం పూర్తిచేసుకున్న ఒక పెద్దావిడ తన బైబిల్ అట్ట లోపలి తెల్లకాగితం మీద కీమో తేదీలు వరసగా రాసుకునేది. ప్రతి తేదీ పక్కనా ఆ రోజు చదివిన కీర్తన నంబరు. నాలుగో తేదీ దగ్గర సిరా అలుక్కుపోయి ఉంది. ‘నొప్పి తగ్గలేదు బాబూ, భయం తగ్గింది’ అని నాతో అనేది. మీ అమ్మగారినీ ఆ బైబిల్ పట్టుకునే రమ్మనండి. కీమోకి ఒకట్రెండు రోజుల ముందు రక్తపరీక్ష రాస్తారు. మామూలుగా చేసే ఆ పరీక్షలకి పరగడుపుతో ఉండాల్సిన పని లేదు, రెండు ఇడ్లీలు తినిపించి తీసుకెళ్లండి.