రంగు కంటే ముందు కప్పు, చందా కంటే ముందు లెక్క

పాత బడి భవనాల మరమ్మతుల గురించి, వాటికి కావలసిన డబ్బు కూడగట్టడం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా బడిలో కొంత భాగం సున్నంతో కట్టిన ఇటుక గోడలు, చెక్క దూలాలు. దాని పక్కనే తర్వాతి కాలంలో కట్టిన స్లాబు గదులు ఉన్నాయి. గోడలకు పగుళ్లు వచ్చాయి, స్లాబు నుంచి పెచ్చులు రాలుతున్నాయి. మొత్తం పడగొట్టి కొత్తది కట్టాలని కమిటీలో కొందరు, పాత భవనాన్ని నిలుపుకోవాలని పూర్వ విద్యార్థులు పట్టుబడుతున్నారు. పాత గదుల పైనే ఇంకో అంతస్తు వేస్తే ఖర్చు కలిసివస్తుందని మరికొందరి మాట. ఎలా తేల్చుకోవాలి?

జవాబు: మీరు భవనం స్థితి గురించి రాశారు, అన్ని పక్షాల వాదనలూ రాశారు. అర్హత ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీరు (కట్టడం బలాన్ని లెక్కగట్టే ఇంజనీరు) ఎవరైనా భవనాన్ని పరీక్షించారా అన్న సంగతి మాత్రం మీ ఉత్తరంలో లేదు. ఆ పరీక్ష జరగనంతవరకు పడగొట్టాలన్నవారిదీ, నిలపాలన్నవారిదీ అభిప్రాయమే తప్ప నిర్ణయం కాదు. కాబట్టి మొదటి ఖర్చు దానికే పెట్టండి.

ఈలోపు మీరే చేయగలిగిన పని ఒకటుంది. వాన కురుస్తున్న రోజు భవనం లోపలా బయటా తిరిగి, కప్పు మీది నీరు ఎటు పోతోందో, గొట్టం ఎక్కడ పూడిపోయిందో, పునాది పక్కన నీరు ఎంతసేపు నిలుస్తోందో ఒక పటం గీసి గుర్తు పెట్టండి. పిల్లలను, గదులు ఊడ్చే ఆయాను కూడా అడగండి. చినుకు పడగానే ఏ బల్లను ఎటు జరపాలో, బకెట్టు ఏ మూల పెట్టాలో వారికి తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. ప్రతి పగులు చివరా పెన్సిలుతో అడ్డగీత గీసి, పక్కన తేదీ వేయండి. నెలకోసారి చూసినప్పుడు పగులు ఆ గీతను దాటి పాకితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. ఏడాది తిరిగినా గీత దగ్గరే ఆగి ఉంటే అది ఎప్పుడో వచ్చి సర్దుకున్న పగులు కావచ్చు. ఈ పటమూ, ఈ తేదీలూ చేతికిస్తే ఇంజనీరు పని సగం తేలికవుతుంది. పెచ్చులు రాలుతున్న స్లాబు కిందా, ఒరిగిన గోడ పక్కనా మాత్రం పరీక్ష పూర్తయ్యేవరకు పిల్లలను కూర్చోబెట్టకండి. గదులు చాలకపోయినా సరే, ఈ విషయంలో రాజీ వద్దు.

పాత భాగాన్ని కేవలం వయసు చూసి కొట్టిపారేయవద్దు. సున్నంతో కట్టిన గోడ చెమ్మను పీల్చుకుని మళ్లీ గాలికి వదులుతుంది, చిన్న చిన్న కదలికలను పగలకుండా ఓర్చుకుంటుంది. దాని మీద సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్ రంగు వేస్తే చెమ్మ బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. లవణాలు పూత వెనుక పేరుకుని, కొన్ని వానాకాలాలు గడిచేసరికి పూత ఉబ్బి ఊడిపోతుంది. ఒక బడిలో వార్షికోత్సవానికి ముందు చందాల డబ్బుతో గోడలన్నిటికీ ఇలాగే సిమెంటు పూసి రంగులు వేశారు. నేను వెళ్లి చూసేసరికి వేలి కణుపుతో తడితే పూత డొల్లగా మోగుతోంది, అది ఊడిన చోట ఇటుక ఎర్రటి పిండై చేతికి అంటుకుంటోంది. అంతమంది ప్రేమతో ఇచ్చిన డబ్బు గోడను బాగుచేయకపోగా చెడగొట్టింది. తలచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. సున్నపు గోడకు సున్నపు పూతే వేయించండి, ఆ పని తెలిసిన మేస్త్రీ దొరకడం ఆలస్యమైనా ఆగండి. చెక్క దూలాల విషయంలో మధ్య భాగం కంటే గోడలో దూరి ఉన్న కొసలను ముందు చూడాలి, ఎందుకంటే చెమ్మ, చెదలు మొదట పట్టేది అక్కడే. కొస మాత్రమే పుచ్చితే దూలం మొత్తం మార్చనక్కరలేదు, చెడిన మేరకు కోసి కొత్త చెక్క అతకవచ్చు.

నిజానికి మీ బడిలో పాత గదుల కంటే స్లాబు గదులే ముందుగా ప్రమాదానికి దగ్గరవుతూ ఉండవచ్చు. కాంక్రీటు లోపలి చువ్వలకు తుప్పు పడితే, ఆ తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే పెచ్చులు రాలతాయి. రాలిన చోట సిమెంటు మెత్తడమంటే పుండు మీద పౌడరు అద్దడమే. చువ్వ వెనుక వరకు కాంక్రీటు చెక్కి, తుప్పు గీకి, అవసరమైతే చువ్వను జోడించి, ఆ తర్వాతే పూడ్చాలి. కప్పు మీద నీరు దిగకుండా కట్టడి చేయకపోతే ఇదంతా కూడా వృథాయే. స్లాబు కాబట్టి గట్టిదే అన్న నమ్మకం ఎంత ప్రమాదమో 2023లో ఇంగ్లండులో కనబడింది: 1950ల నుంచి వాడిన ఒక రకం తేలిక కాంక్రీటు పలకలు హెచ్చరిక లేకుండా కూలే అవకాశం ఉందని, సెలవుల తర్వాత బడులు తెరవడానికి కొద్ది రోజుల ముందు వందకు పైగా బడులలో ఆ భాగాలను మూసివేయమని ప్రభుత్వం ఆదేశించింది.

పైన అంతస్తు వేసే ఆలోచనను మాత్రం, ఇంజనీరు పునాదినీ గోడలనూ లెక్కగట్టి రాతపూర్వకంగా అనుమతించనిదే, చర్చకు కూడా తీసుకోకండి. 2002 అక్టోబరు 31న ఇటలీలోని సాన్ జూలియానో ది పులియాలో భూకంపానికి ఒక బడి కూలి 27 మంది పిల్లలు, ఒక ఉపాధ్యాయురాలు మరణించారు. పాత కట్టడం మీద తర్వాత వేసిన అంతస్తు ఆ విపత్తుకు కారణాలలో ఒకటి. మీది భూకంపాలు వచ్చే ప్రాంతమైతే గోడలను, కప్పును ఒకదానితో ఒకటి కట్టిపడేసే పట్టీల ఖర్చును మరమ్మతు అంచనాలో తప్పక చేర్పించండి. కాలిఫోర్నియాలో 1933 మార్చి 10న లాంగ్ బీచ్ భూకంపానికి ఎన్నో బడి భవనాలు కూలాయి. అది సాయంత్రం వేళ కావడం వల్ల పిల్లలు అప్పటికే ఇళ్లకు చేరారు. బడుల నిర్మాణాన్ని కట్టుదిట్టం చేస్తూ ఫీల్డ్ చట్టం నెల తిరిగేసరికి వచ్చింది. పిల్లలు ఇళ్లకు చేరాక భూమి కంపించే అదృష్టం అందరికీ దక్కదు.

ప్రశ్న: కొన్నేళ్ల కిందట మా బడి పేరు మీద చందాలు వసూలు చేశారు. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు కొత్త కమిటీగా మేము తలుపు తడితే, "ముందటి డబ్బు ఏమైంది?" అని అడుగుతున్నారు. ఆ వ్యవహారంతో మాకు సంబంధం లేదని చెప్పినా నమ్మడం లేదు. ఏం చేయాలి?

జవాబు: వారి ప్రశ్న న్యాయమైనది. సంబంధం లేదని మీరు చెప్పిన ప్రతిసారీ అనుమానం ఇంకాస్త బలపడుతుంది, ఎందుకంటే చందా ఇచ్చినవారికి కమిటీలు మారడం కనబడదు, బడి ఒక్కటే కనబడుతుంది. అందుచేత కొత్తగా ఒక్క రూపాయి అడగకముందే పాత లెక్కను బయటపెట్టండి. దొరికిన రసీదులు, బ్యాంకు పుస్తకంలోని పద్దులు, అప్పుడు జరిగిన పని వివరం ఒక కాగితం మీద రాసి బడి గోడకు అంటించండి. ఆధారం దొరకని మొత్తం ఉంటే "ఇంత మొత్తానికి ఆధారం దొరకలేదు" అని దాచకుండా రాయండి. ఇది కష్టమైన పని, పాతవారికి కోపం రావచ్చు. ఎవరినీ నిందించకుండా అంకెలు మాత్రమే రాస్తే ఆ కోపం నిలవదు. ఈ మెట్టు ఎక్కకుండా పై మెట్టుకు పోయిన కమిటీ ఒక్కటి కూడా నా ఎరుకలో లేదు.

లెక్క చెప్పడానికీ మద్దతు దొరకడానికీ ఉన్న సంబంధం చట్టాలకెక్కిన సందర్భం కూడా ఉంది. కాలిఫోర్నియాలో బడి భవనాల కోసం స్థానికంగా బాండ్లు జారీ చేసి అప్పు తేవాలంటే ఓటర్ల అంగీకారం కావాలి. ఒకప్పుడు మూడింట రెండు వంతుల ఓట్లు తప్పనిసరి. 2000 నవంబరులో ప్రొపొజిషన్ 39 అనే ప్రతిపాదన ప్రజల ఓటుతో నెగ్గాక 55 శాతం వస్తే చాలునన్నారు. కానీ ఆ వెసులుబాటు ఊరికే ఇవ్వలేదు. ఏ ఏ పనులు చేస్తారో జాబితా ముందే ప్రకటించాలి, ఆ డబ్బు జీతాలకు వాడకూడదు, ఏటా ఆడిట్ జరగాలి, ఖర్చును గమనించే పౌరుల కమిటీ ఉండాలి అన్న షరతులు పెట్టారు. మీరూ ఇదే దారి పట్టండి: ఇంజనీరు నివేదికలోని పనులను వెంటనే చేయవలసినవి, ఒకటి రెండేళ్లలో చేయవలసినవి, ఆగగలిగినవి అని విడదీసి, ఒక్కొక్కదానికి అంచనా రాసి, అందరికీ పంచండి. పాత భవనంలో పూత తీశాక లోపల ఏముంటుందో ఎవరూ ముందుగా చెప్పలేరు గనుక, అంచనాపై పది నుంచి ఇరవై శాతం వరకు ఊహించని పనులకని వేరుగా చూపండి. తర్వాత మళ్లీ చేయి చాపడం కంటే ఇది గౌరవం. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి, ఆ ఇద్దరిలో ఒకరు కమిటీలో లేని తల్లో తండ్రో అయితే మరీ మంచిది.

అడిగే ముందు చూపించండి. ఒక సాయంత్రం అందరినీ బడికి పిలిచి, వేదిక, ఉపన్యాసాలు లేకుండా, కారే మూల దగ్గరికి, పుచ్చిన దూలం కొస దగ్గరికి, తేదీలు వేసిన పగులు దగ్గరికి తీసుకువెళ్లండి. తర్వాత చేతిలో ఉన్న కొద్ది డబ్బుతోనే ఒక్క గదిని కప్పు నుంచి నేల దాకా పూర్తి చేసి, బిల్లులతో సహా చూపండి.

డబ్బు ఇవ్వలేని ఇళ్లను వదిలేయకండి. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతి పిల్లలకు సరైన బడులు లేని రోజులలో, విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్, వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ కలిసి 1912లో ఆరంభించిన కార్యక్రమం 1932 నాటికి 15 రాష్ట్రాలలో దాదాపు 5,000 బడులను నిలబెట్టింది. స్థానికులు కూడా తమ వంతు వేయాలన్నది దాని షరతు. డబ్బు లేనివారు భూమి, కలప, శ్రమ ఇచ్చారు. మొత్తం కూడితే ఆ పేద కుటుంబాలు వేసిన వాటా రోజెన్‌వాల్డ్ నిధి ఇచ్చినదాని కంటే కొంచెం ఎక్కువే తేలింది. ఆఫ్రికా దేశమైన బుర్కినా ఫాసోలోని గాండో అనే ఊరిలో వాస్తుశిల్పి ఫ్రాన్సిస్ కెరె రూపకల్పనతో 2001లో పూర్తయిన ప్రాథమిక పాఠశాలకు పునాది రాళ్లు ఏరి తెచ్చింది పిల్లలు, ఇటుకల తయారీకి నీళ్లు మోసింది ఆడవాళ్లు. తన చేత్తో రాయి మోసినవారు ఆ గోడ మీద మొక్క మొలిస్తే చూస్తూ ఊరుకోరు. అయితే శ్రమదానాన్ని శుభ్రం చేయడం, మట్టి తీయడం, వెల్ల వేయడం వంటి పనులకే ఉంచండి. కప్పు ఎక్కే పని, దూలాలు మార్చే పని, విద్యుత్ పని తెలిసినవారికే అప్పగించండి.

ప్రశ్న: మా పూర్వ విద్యార్థి ఒకరు పెద్ద మొత్తం ఇస్తామంటున్నారు. కానీ ఆ డబ్బుతో తమ తండ్రిగారి పేరున ముఖద్వారమే కట్టాలని కోరుతున్నారు. మా కప్పు కారుతోంది. కాదంటే వెనక్కి తగ్గుతారేమోనని భయంగా ఉంది.

జవాబు: ఆయన కోరికలో తప్పు లేదు, తండ్రి పేరు పదిమందికీ కనబడాలని ఏ బిడ్డకైనా ఉంటుంది. ఆయనను ఒంటరిగా, వీలైతే వాన రోజున, బడికి పిలిచి ఆయన చదువుకున్న గదిలోనే కూర్చోబెట్టి నివేదిక చూపండి. "మీ నాన్నగారి పేరు ద్వారం మీద కాకుండా ఈ గది గుమ్మం మీద పెడతాము, ఈ కప్పు మీరు వేయించండి" అని సూటిగా అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే కారే కప్పు సంగతి వారికి ఎవరూ చెప్పి ఉండరు. అప్పటికీ ద్వారమే కావాలంటే, కప్పు పూర్తయ్యాక కడదామని రాతపూర్వకంగా మాట ఇచ్చి ఆగండి. కప్పును వదిలి ద్వారం కట్టిన రోజున, చిన్న మొత్తాలు ఇచ్చిన వందమంది మీకు దూరమవుతారు. మిగిలిన దాతల పేర్లను మొత్తాలు రాయకుండా, అక్షర క్రమంలో ఒకే పలక మీద చెక్కించండి. శ్రమ ఇచ్చినవారి పేర్లు కూడా ఆ వరుసలోనే ఉండాలి.

ప్రశ్న: పని జరుగుతున్నంతకాలం తరగతులు నడపవచ్చా?

జవాబు: పని జరిగే గదులకు, తరగతి గదులకు మధ్య పూర్తి అడ్డు కట్టి, రాకపోకల దారులు వేరు చేయగలిగితే నడపవచ్చు; లేకపోతే సెలవులలోనే చేయండి. మరీ పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉంది, అది చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాబట్టి ఆ రంగును పొడిగా గీకవద్దు, మంటతో కాల్చవద్దు, తడిపి తీయించండి. పాత కప్పు రేకులు ఆస్బెస్టాసువైతే వాటిని పగలగొట్టవద్దు, రంధ్రాలు వేయవద్దు. తీసే పద్ధతి తెలిసిన మనుషుల చేతనే, పిల్లలు లేని రోజున తీయించండి. పని ముగిసిన గదిని చీపురుతో ఊడిస్తే దుమ్ము మళ్లీ గాలిలోకి లేస్తుంది గనుక నేల, కిటికీ చట్రాలు, బల్లలు అన్నిటినీ తడిగుడ్డతో రెండుసార్లు తుడిపించి, ఆ తర్వాతే పిల్లలను లోపలికి పంపండి.