సలేశ్వరం బ్యాగ్‌ల ఏం ఉంచాలె, ఏం తీసెయ్యాలె

తమ్మీ, నల్లమల అడవి లోయల ఉన్న సలేశ్వరం శివుని జాతరకు బ్యాగ్ సదిరితె 9 కిలోలైంది, ఏం తీసెయ్యాలె అన్నవ్ కదా, ముందుగాల ఆ టెంటు, గొడ్డలి, స్టవ్ ఇంట్లనే పెట్టు, అమ్రాబాద్ పులుల అడవిల ఎండకాలం మంట పెట్టనియ్యరు. బరువని నీళ్లు మాత్రం తగ్గియ్యకు, చైత్ర పున్నమి ఎండకు మనిషికి 3 లీటర్లన్న ఉండాలె. 21 గ్రాముల ఓఆర్ఎస్ ప్యాకెట్ రెండు ఏస్కో, ఒక్కోటి లీటర్ నీళ్లల్ల మొత్తం కలపాలె, సగం పొడి సీసల పోసి అందాజగ తాగుడు కాదు. విజిల్, చిన్న టార్చి, తువ్వాల, క్రేప్ బ్యాండేజ్ (సాగే గుడ్డ పట్టీ), గంతే. బ్యాండేజ్ ఎందుకంటె లోయ దిగేటప్పుడు రాళ్ల మీద చీలమండ బెణుకుతది (పాము కరిస్తె మాత్రం గట్టిగ కట్టుడు, కోసుడు వద్దు, కాలు కదలకుండ దవాఖానకే). లోపల సిగ్నల్ నమ్మకు, అడవి మొదట్ల ఉన్న మన్ననూర్ ఊరు దాటకముందే ఇంట్ల చెప్పు.