కొత్త గాగుల్స్ కొనే ముందు డ్రోన్లు లెక్కపెట్టుకోండి

ప్రశ్న: డ్రోన్ కెమెరా చూసేది కళ్ల ముందు చూపించే గాగుల్స్‌లో ఏడాదిగా ఈచైన్ ఈవీ800డీ వాడుతున్నాను. నా దగ్గర చిన్న డ్రోన్లు మూడున్నాయి, మూడూ అనలాగే (పాత టీవీ పద్ధతిలో బొమ్మ పంపేవి). డ్రోన్ చెట్ల వెనక్కి వెళ్తే బొమ్మ పోతోంది. కాస్త మంచివి కొందామని చూస్తూ స్కైజోన్ కోబ్రా ఎక్స్, వాక్‌స్నెయిల్ గాగుల్స్ ఎల్, డీజేఐ గాగుల్స్ ఎన్3 దగ్గర ఆగిపోయాను. నాకు కళ్లజోడు ఉంది. పెట్టిన డబ్బుకి వీటిలో ఏది గిట్టుబాటు?

జవాబు: ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి తూచడం దగ్గరే చిక్కుంది. పైకి మూడూ మొహానికి తగిలించుకునే డబ్బాలే, కానీ ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి పట్టదు. కోబ్రా ఎక్స్ మీ డ్రోన్లు మూడింటినీ కొన్న రోజే చూపిస్తుంది. ఎన్3లో డీజేఐ ట్రాన్స్‌మిటర్ (డ్రోన్ నుంచి బొమ్మ పంపే పరికరం) ఉన్న డ్రోనే కనిపిస్తుంది, అనలాగ్ మాడ్యూల్ తగిలించుకునే దారి దానికి లేదు. గాగుల్స్ ఎల్ కూడా అంతే, వాక్‌స్నెయిల్ ట్రాన్స్‌మిటర్ ఉంటేనే దానితో పని. అంటే మీరు డిజిటల్‌కి (బొమ్మని అంకెలుగా మార్చి పంపే ఎన్3, గాగుల్స్ ఎల్ రకానికి) వెళ్తే కొనేది గాగుల్స్ ఒక్కటే కాదు, మూడు డ్రోన్లకీ మూడు కెమెరా సెట్లు కొనాలి, పాతవి విప్పాలి, కొత్తవి సోల్డరింగ్ చేయాలి, ఫ్రేములో పట్టకపోతే ఫ్రేమే మార్చాలి, ఇలా లెక్క తడిసి మోపెడవుతుంది. బరువు కూడా చూసుకోవాలి. డీజేఐ ఓ4 ఎయిర్ యూనిట్‌లో (డ్రోన్ మీద పెట్టే కెమెరా, ట్రాన్స్‌మిటర్ సెట్) చిన్నది 8.2 గ్రాములు, ప్రో రకం 32 గ్రాములు. అరచేతిలో పట్టే డ్రోన్ మీద ఆ 32 గ్రాములు పెడితే అది ఎగరడం మానేసి ఆయాసపడుతుంది. అందుకే గాగుల్స్ ధర చూసే ముందు డ్రోన్లు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోమని అందరికీ చెబుతుంటాను.

ఇక తెర సంగతి. మీ ఈవీ800డీ తెర 800×480, కోబ్రా ఎక్స్‌ది 1280×720. ఈ తేడా చూసి బొమ్మ కూడా అంత మెరుగవుతుందనుకుంటే నిరాశపడతారు. అనలాగ్ కెమెరా పంపే బొమ్మలోనే ఎన్టీఎస్‌సీ అనే వీడియో పద్ధతి అయితే 480 గీతలు, పాల్ పద్ధతి అయితే 576, అంతకు మించి ఉండవు. లేని వివరాన్ని తెర ఎక్కణ్నుంచి తెస్తుంది? అనలాగ్‌లో మధ్యరకానికి ఎక్కువ డబ్బు పెట్టేది లోపలి రిసీవర్ కోసం. చవకవాటిలో రెండు రిసీవర్లున్నా ఏ క్షణాన ఏది బలంగా ఉంటే దానికి మారడమే చేస్తాయి, ఆ మారే క్షణంలో బొమ్మ ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. కోబ్రా ఎక్స్ లాంటివి రెండింటి సిగ్నల్‌నీ కలిపి ఒక బొమ్మ చేస్తాయి. డ్రోన్ చెట్టు వెనక్కి వెళ్లినప్పుడు ఈ తేడా తెలుస్తుంది. చవకదాంట్లో బొమ్మ అడ్డంగా చిరిగి, పైకి దొర్లుతుంది, మంచిదాంట్లో చుక్కలు ముసురుకుంటాయి గానీ ఆ చుక్కల వెనక కొమ్మ ఎక్కడుందో, ఖాళీ ఎక్కడుందో కనిపిస్తూనే ఉంటుంది. ఆ అర సెకను చాలు డ్రోన్ బతకడానికి.

అయితే మీరు ఇప్పుడే ఏమీ కొనకండి, ముందు యాంటెన్నాలు చూడండి. డ్రోన్ మీద ఉన్నది ఆర్‌హెచ్‌సీపీ (తరంగాన్ని కుడివైపు తిప్పి పంపేది) అయి గాగుల్స్ మీద ఎల్‌హెచ్‌సీపీ (ఎడమవైపు తిరిగేదాన్ని పట్టేది) ఉంటే ఎంత ఖరీదైన రిసీవర్ అయినా సగం చెవిటిదే, రెండువైపులా ఒకే రకం ఉండాలి. రెండూ ఒకటే అయితే గాగుల్స్‌కున్న రెండు యాంటెన్నాల్లో ఒకదాన్ని అలాగే ఉంచి రెండోదాని చోట ప్యాచ్ యాంటెన్నా (ఒకే వైపు నుంచి బాగా పట్టే పలక) పెట్టండి, డ్రోన్ ఎగిరే వైపు మొహం తిప్పి నిలబడండి. ఒక్క జాగ్రత్త: ఎస్ఎంఏ, ఆర్‌పీ ఎస్ఎంఏ అని కనెక్టర్లు రెండు రకాలు, రెండూ ఒకదాంట్లో ఒకటి చక్కగా మర బిగుస్తాయి, కానీ మధ్యలో సూది ఉండాల్సిన చోట రెండువైపులా రంధ్రమే ఉంటుంది. బిగించాం కదా అనుకుంటాం, లోపల అసలు తగలదు. ఈ పొరపాటు చేసి ఒక ఆదివారమంతా ట్రాన్స్‌మిటర్‌ని తిట్టుకున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

యాంటెన్నా మార్చినా బొమ్మ నిలవకపోతే, మీరు చిన్న డ్రోన్లతోనే ఉండేట్టయితే, కోబ్రా ఎక్స్ తీసుకోండి. తర్వాత కొనే డ్రోన్ పెద్దది, డిజిటల్‌ది అయ్యేట్టయితే మాత్రం ఈ మూడు డ్రోన్లకీ ఉన్న గాగుల్సే వాడుతూ కొత్తదానికి ఎన్3 కొనండి. కళ్లజోడు గురించి టెన్షన్ అక్కర్లేదు, కళ్లజోడుతోనే పెట్టుకునేలా ఎన్3లో లోపల చోటిచ్చారు, కోబ్రా ఎక్స్‌లోనూ మామూలు సైజు ఫ్రేమ్ పడుతుంది. మీ కళ్లజోడు వెడల్పయితే కొనే ముందు ఒకసారి పెట్టుకు చూడండి.

ప్రశ్న: నాకు మైనస్ 3 పవర్, సిలిండర్ (ఆస్టిగ్మాటిజం) పవర్ కూడా ఉంది. వాడేసిన డీజేఐ గాగుల్స్ 2 ఒకటి దాదాపు కొత్త ఎన్3 ధరకే వస్తోంది. సన్నగా, అందంగా ఉంది. తీసుకోవచ్చా?

జవాబు: అందం మాట నిజమే. గాగుల్స్ 2లో రెండు కళ్లకీ రెండు మైక్రో ఓలెడ్ తెరలు, నలుపు నల్లగా కనిపిస్తుంది, సాయంత్రం నీడల్లో ఎగరేసేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. ఎన్3లో ఉన్నది ఒకే ఎల్‌సీడీ తెర, నీడలు కాస్త బూడిదగా ఉంటాయి. పవర్ కూడా గాగుల్స్ 2లో మైనస్ 8 నుంచి ప్లస్ 2 దాకా తిప్పుకోవచ్చు, మీ మైనస్ 3 సరిపోతుంది. సరిపోనిది సిలిండరే. ఆ మర తిప్పితే సిలిండర్ పవర్ సరికాదు, దానికి విడిగా లెన్సులు చేయించుకోవాలి. ఓఎస్‌డీలో (బొమ్మ మీద పడే రాతలో) బ్యాటరీ అంకెలు ఎప్పుడూ కాస్త సాగినట్టే కనిపిస్తుంటే మీకు ఆ గాగుల్స్ మీద విసుగు పుడుతుంది. సిలిండర్ 0.5 లాంటిదైతే ఫర్వాలేదు, ఒకటి దాటితే నేనైతే కళ్లజోడుతో పెట్టుకునే డబ్బా వైపే వెళ్తాను.

పాతవి కొనేటప్పుడు ఒక పరీక్ష తప్పనిసరి. గాగుల్స్ ఆన్ చేయించి, తెల్లటి మెనూ ఏదైనా తెరిచి, ఒక్కో కన్నూ మూసి తెర మీద ఎండకి కాలిన మచ్చలేమైనా ఉన్నాయేమో నాలుగు మూలలా చూడండి. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, గాగుల్స్ లెన్సు కూడా ఎండలో అదే పని చేస్తుంది. నా మొదటి గాగుల్స్ అలాగే పోయాయి. డ్రోన్‌కి బ్యాటరీ మార్చేంతసేపే నేలమీద వెల్లకిలా పెట్టాను, మళ్లీ పెట్టుకుంటే బొమ్మ మధ్యలో ఆవగింజంత పసుపు మచ్చ. అది చివరిదాకా పోలేదు. ఎక్కడికి ఎగిరినా ఆ మచ్చ నాకంటే ముందే వెళ్లేది. కాబట్టి మచ్చ కనిపిస్తే బేరం కూడా ఆడకండి, వెనక్కి వచ్చేయండి. తర్వాత ఫ్యాన్ చప్పుడు, కళ్ల మధ్య దూరం సర్దే మర, బ్యాటరీ వైరు గాగుల్స్‌కి తగిలే చోటు చూసుకుంటే చాలు. ఫోమ్ చెమటకి పాడైనా దాని గురించి పట్టించుకోకండి, అది మార్చుకునేదే. మీ డ్రోన్‌లో ఉన్న ఎయిర్ యూనిట్‌తో ఆ గాగుల్స్ కలుస్తాయో లేదో మాత్రం కంపెనీ ఇచ్చే జాబితాలో మోడల్ పేరుతో సహా చూడండి, డీజేఐలోనే అన్నీ అన్నిటితో కలవవు.

ప్రశ్న: రేసింగ్ మొదలుపెట్టాను. లేటెన్సీ (బొమ్మ కంటికి చేరే ఆలస్యం) తగ్గడం కోసం హెచ్‌డీజీరో అనే డిజిటల్ సిస్టమ్‌కి ఎక్కువ పెట్టడం దండగ అంటున్నారు స్నేహితులు. నిజమేనా?

జవాబు: ఎవరు ఎగరేస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో పోయే డ్రోన్ 10 మిల్లీసెకన్లలో 28 సెంటీమీటర్లు ముందుకి పోతుంది. రేసులో దూరి వెళ్లాల్సిన గేటు అంచుకి, మీ ప్రొపెల్లర్‌కి మధ్య ఉండే దూరం అంతే కదా. డీజేఐ ఓ3 ఎయిర్ యూనిట్‌కి కంపెనీ చెప్పే అతి తక్కువ లేటెన్సీ దాదాపు 30 మిల్లీసెకన్లు, సిగ్నల్ తగ్గితే అది పెరుగుతుంది కూడా. హెచ్‌డీజీరోలో బొమ్మ మొత్తం పోగయ్యేదాకా ఆగకుండా గీతలు గీతలుగా పంపిస్తారు, అందుకే ఆలస్యం తక్కువ, పైగా ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. నన్నడిగితే ఈ ఒకేలా ఉండటమే ముఖ్యం, ఎందుకంటే ఆలస్యం ఎంతైనా రోజూ అంతే ఉంటే వేళ్లు దానికి అలవాటు పడతాయి, మారుతుంటేనే తడబడతాయి. కాకపోతే మీరింకా గేట్లు తగులుకుంటూ తిరిగే దశలో ఉంటే ఆ డబ్బుతో బ్యాటరీలు కొనుక్కుని రోజుకి నాలుగుసార్లు ఎక్కువ ఎగరండి. స్నేహితులు అన్నది అప్పటిదాకా కరెక్టే.

ప్రశ్న: చూపు వెడల్పు 46 డిగ్రీలకీ 54 డిగ్రీలకీ అంత తేడా ఉంటుందా?

జవాబు: ఉంటుంది, కానీ ఎక్కువైనంత మాత్రాన మంచిదని కాదు. అనలాగ్ బొమ్మని పెద్దగా సాగదీస్తే చుక్కలు కూడా పెద్దవవుతాయి. మూలల్లో ఉన్న బ్యాటరీ వోల్టేజ్ చూడటానికి కళ్లు తిప్పాల్సి వస్తే రేసులో ఇబ్బందే. కొండలు, చెరువుల మీద తీరిగ్గా తిరిగేవాళ్లకి 54 హాయిగా ఉంటుంది.

ప్రశ్న: కొత్తవి వచ్చాక పాత ఈవీ800డీ అమ్మేద్దామా?

జవాబు: వచ్చేది ఎంతో చూడండి, పెద్దగా రాదు. అనలాగ్‌లో ఉన్న సుఖం ఏమిటంటే ఒకే ఛానెల్ పెట్టుకుంటే పక్కనున్నవాళ్లకీ మీ బొమ్మే కనిపిస్తుంది. ఈవీ800డీ తెరని ముందు నుంచి ఊడదీసి విడిగా నిలబెట్టుకోవచ్చు కూడా, కాబట్టి మీకు తోడుగా వచ్చినవాళ్ల ముందు పెట్టండి. గాగుల్స్ పెట్టుకున్నాక మీకు ఆకాశం కనిపించదు, ఎవరో ఒకరు పక్కన నిలబడి డ్రోన్‌ని కళ్లతో చూస్తుండాలని చాలా దేశాల నిబంధనల్లోనే ఉంది. అయితే ఆ మనిషిని తెరకి అతుక్కుపోనివ్వకండి, ముందు పైకి చూడమనండి, తెర మధ్యమధ్యలో.