నాన్నగారి ఫోన్ చేత మాట్లాడించండి

ప్రశ్న: మా నాన్నగారు ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యారు. నీటికాసుల (గ్లకోమా) వల్ల చూపు బాగా తగ్గిపోయింది, ఎదురుగా ఉన్నది కొంచెం మసకగా కనిపిస్తుంది, అంతే. ఫోన్ పక్కన పడేశారు. ఎవరితో మాట్లాడాలన్నా మేమే కలిపివ్వాలి, పేపరు మా అబ్బాయి చదివిపెట్టాలి. తమ్ముడు మాట్లాడే కళ్లజోడు కొందామంటున్నాడు, చాలా ఖరీదు. ఒకసారి ఫోన్‌లో టాక్‌బ్యాక్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే సౌకర్యం) ఆన్ చేస్తే ఏది నొక్కినా తెరుచుకోలేదు, భయపడి షాపుకి తీసుకెళ్లి తీయించాం. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కళ్లజోడు ఇప్పుడే కొనొద్దమ్మా. నాకు చూపు పోయి పద్నాలుగేళ్లయింది. ఈ జవాబు కూడా ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక్కో అక్షరం చదివి వినిపిస్తుంటే నేనే టైప్ చేస్తున్నాను, కాబట్టి వాడి చూసిన మాటే చెబుతున్నాను: మీ ఇంట్లో మూల పడేసిన ఆ ఫోన్ చాలు.

మీరు షాపులో తీయించిన టాక్‌బ్యాకే ఆయనకి కావలసింది. అది ఆన్ కాగానే ఫోన్ వాడే పద్ధతి మారిపోతుంది, ఆ సంగతి ముందే ఎవరూ చెప్పరు కాబట్టి అందరూ మీలాగే కంగారు పడతారు. ఒకసారి తాకితే అక్కడ ఏముందో పైకి చదువుతుంది గానీ తెరవదు, తెరవాలంటే వెంటవెంటనే రెండుసార్లు తట్టాలి. ఒక వేలిని కుడివైపు జరిపితే తర్వాతి దాని మీదికి వెళ్తుంది, ఎడమవైపు జరిపితే వెనక్కి వస్తుంది. పేజీ కదలాలంటే రెండు వేళ్లు వాడాలి. అంతే. వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది, మళ్లీ అలాగే పట్టుకుంటే మొదలవుతుంది. కొన్ని ఫోన్లలో ఈ షార్ట్‌కట్‌ని ముందు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి పెట్టుకోవాలి.

ఆయన చేతికి ఇచ్చే ముందు మీరు ఒక పూట కూర్చుని ఫోన్ భాష తెలుగులోకి మార్చండి, గూగుల్ తెలుగు గొంతు డౌన్‌లోడ్ చెయ్యండి, చదివే వేగం బాగా తగ్గించండి. నేర్పేటప్పుడు ఆయన వేలు పట్టుకుని నొక్కించొద్దు. పక్కన కూర్చోండి, తడుముకోనివ్వండి, పది నిమిషాలు పట్టినా ఫరవాలేదు. మొదటి పాఠంగా డిపోలో ఆయనతో కలిసి పనిచేసిన స్నేహితుడెవరికైనా ఆయన చేతే ఫోన్ చేయించండి. ఆ ఒక్క కాల్ కలిస్తే, రెండో రోజు ఫోన్ ఎక్కడుందని ఆయనే అడుగుతారు.

డబ్బుల విషయంలో మీరు ఆయనకి నేర్పేదేమీ ఉండదనుకుంటాను, కదిలే బస్సులో చిల్లర లెక్కపెట్టిన వేళ్లవి. కొత్త నోట్ల రెండు పక్కల అంచుల్లో ఉబ్బెత్తు గీతలుంటాయి: వందకి నాలుగు, అయిదు వందలకి అయిదు, రెండు వందలకి నాలుగు గీతల మధ్య రెండు చిన్న సున్నాలు. వంద నోటు పొడవు 142 మిల్లీమీటర్లు, రెండు వందలది 146, అయిదు వందలది 150. మూడూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి తడిమితే తేడా తెలిసిపోతుంది. నలిగిన నోట్ల మీద గీతలు అరిగిపోతాయి, అప్పుడు రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన మనీ (MANI) యాప్ నోటు ఎంతదో చెబుతుంది, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. అసలుదా నకిలీదా అన్నది మాత్రం చెప్పదు.

బ్యాంకు పిన్ మనవడికి చెప్పనివ్వొద్దు, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆయనే కొట్టుకోవాలి. బ్యాంకు యాప్ పలక్కపోయినా, కేవైసీలో (ఖాతాదారు ఎవరో సరిచూసుకునే పనిలో) కళ్లు ఆర్పమని విసిగించినా బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని, కళ్లు ఆర్పడం తప్ప వేరే దారి కూడా ఉండాలని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చింది. ఆ తేదీ కూడా రాయండి.

ఇక పేపరు. ఈ-పేపర్ అంటే అచ్చు పేజీ బొమ్మ, చాలావరకు టాక్‌బ్యాక్‌కి చేతకాదు, అదే పత్రిక వెబ్‌సైట్ అయితే చక్కగా చదువుతుంది. మన తెలుగు పీడీఎఫ్‌లతో ఇంకో బాధ ఉంది, యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాని పాత డీటీపీ ఫాంట్లలో చేసినవైతే అర్థంలేని అక్షరాలు గలగలా చదివేస్తుంది, అలాంటప్పుడు గూగుల్ లెన్స్‌తో ఫోటో తీసి అందులోని తెలుగుని బయటికి తీసి వినాలి. వాట్సాప్‌లో వచ్చే కార్డులదీ ఇదే కథ. నాకు చదువు చెప్పిన మాస్టారి పెద్దకర్మ కార్డు ఫోటోగా వస్తే, ఫోన్ ‘ఫోటో’ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. ఏదో గుడ్ మార్నింగ్ బొమ్మ అనుకుని వదిలేశాను. ఆయన పోయారని నెల తర్వాత తెలిసింది. మీ ఇంటి గ్రూపులో అందరికీ చెప్పండి, ఏ కార్డు పెట్టినా కింద రెండు ముక్కలు టైప్ చెయ్యమని.

సదరం సర్టిఫికెట్ లేకపోతే సచివాలయంలో స్లాట్ అడగండి, వైకల్యం 40 శాతం లేదా ఎక్కువ ఉంటే పథకాలకి అదే ఆధారం. చేతికి తెల్ల కర్ర ఇవ్వండి, మెట్ల అంచులకి పసుపు టేపు అంటించండి. చుక్కల మందు ఆపనివ్వొద్దు, పోయిన చూపు తిరిగి రాదు గానీ ఉన్నది నిలబడడానికి అది ముఖ్యం. ఇంకో మాట, నీటికాసులు రక్తసంబంధీకులకి వచ్చే అవకాశం ఎక్కువ. మీరూ మీ తమ్ముడూ ఈ నెలలోనే కంటి పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: మా అమ్మకి చెవులు సరిగా వినపడవు. మిషన్ కొనిపెట్టాం, కుయ్యిమంటోందని తీసేసింది. ఇంట్లో అందరం అరుస్తున్నాం. తెలుగు బాగా చదువుతుంది.
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చదవగలదు కాబట్టి గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ వేసి, భాష తెలుగు పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి ఫోన్ ఆమె ముందు పెట్టండి. మీరు మాట్లాడింది అక్కడికక్కడే తెలుగులో పడుతుంది. ఒక్కొక్కరే మాట్లాడండి, టీవీ ఆపండి. పేర్లు తప్పు పడుతుంటాయి, ఆమెకి త్వరలోనే అలవాటవుతుంది. మిషన్ మాత్రం బీరువాలో పెట్టెయ్యొద్దు. కుయ్యిమంటోందంటే చాలావరకు చెవిలో గుమిలి అయినా ఉండాలి, లేదా అది చెవికి సరిగా అమరకపోయి ఉండాలి. రెండూ సరిచెయ్యగలిగినవే, ఆడియాలజిస్టు దగ్గరికి అమ్మనీ మిషన్‌నీ కలిపి తీసుకెళ్లండి.