పాత జీతం చెక్కుల మీద 12 శాతం వడ్డీ తప్పించుకోవచ్చా?

మానేసిన ఉద్యోగులు మార్చుకోని చెక్కులు కాలిఫోర్నియాలోని మీ కంపెనీ ఖాతాల్లో ఏళ్లుగా మూలుగుతున్నాయని, ఇప్పుడు రాష్ట్రానికి అప్పజెప్తే వడ్డీ తడిసి మోపెడవుతుందని రాశారు. టెన్షన్ పడకండి, దారి ఉంది.

జీతాలకు గడువు ఏడాదే; ఎవరూ తీసుకోకుండా అది దాటితే ఆ డబ్బు రాష్ట్రానికి అప్పజెప్పాలి. ఆలస్యమైతే ఏటా 12 శాతం వడ్డీ. అయితే స్టేట్ కంట్రోలర్ ఆఫీసు (రాష్ట్ర ఆర్థిక లెక్కలు చూసే కార్యాలయం) నడిపే వాలంటరీ కంప్లయన్స్ ప్రోగ్రామ్‌లో, అంటే కంపెనీలు తమంతట తామే ముందుకొచ్చి ఇలాంటి డబ్బు అప్పజెప్పే పథకంలో, చేరి, షరతులు పాటిస్తే అది మాఫీ అవుతుంది. కనీసం గత 10 ఏళ్ల లెక్కలు తిరగేయాలి (విసుగే, తప్పదు), శిక్షణ తీసుకోవాలి, ఈ డబ్బు వివరాలతో రాష్ట్రానికి ఇచ్చే రిపోర్టుకు కనీసం 30 రోజుల ముందు ఆ ఉద్యోగులకు ఉత్తరాలు పంపాలి, చేరిన 6 నెలల్లో రిపోర్టు ఇవ్వాలి.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు: ఆడిట్ నోటీసు వచ్చాక చేర్చుకోరు. కాబట్టి ముందు దరఖాస్తు పెట్టండి. ఆ మొత్తాన్ని కంపెనీ ఆదాయంలో కలిపేయమని మీ అకౌంటెంట్ అన్నా, ఆ పని మాత్రం చేయకండి.