జెట్టీ మీదకు దూకిన అతిథి

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ బొమ్మల కథ ఇరవై రెండు పేజీలూ నిన్న సాయంత్రం బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామి దగ్గర బెంచీ మీద కూర్చుని చదివాను. గాలికి ఎగిరిపోకుండా కళ్ళజోడు పెట్టె బరువుగా పెట్టుకున్నాను. ఎనిమిదో పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను దాటిపోయిన మర్నాడు ఫిషింగ్ హార్బరు జెట్టీ మీద ఆ తల్లి, వేటకు వెళ్ళి తిరిగిరాని బోటు కోసం చూస్తోంది. చేతిలో టిఫిను క్యారియరు. పేజీ మొత్తంలో మాట ఒక్కటీ లేదు. బాగా గీశావమ్మా.

పేజీ తిప్పాను. సింహాచలం కొండ మీద నుంచి నీ స్నేహితుడి వీరుడు ఒక్క దూకు దూకి అదే జెట్టీ మీద పడ్డాడు. కాలి కింద చేపల బుట్ట, జారి పడటం, దాని మీద ఒక జోకు! మీ పాత్రలు కలిస్తే ఇద్దరి పాఠకులూ చదువుతారని నీ ఆశ. అందులో తప్పు లేదు, లోకమంతా ఆ ఆశతోనే అతిథులను పిలుస్తుంది. కానీ నాకు నవ్వు రాకపోగా, ఆ తల్లి మీద కలిగిన జాలి కూడా చెదిరిపోయింది.

1963లో స్పైడర్‌మ్యాన్ సొంత పత్రిక మొదటి సంచికలోనే ఫెంటాస్టిక్ ఫోర్ అనే నలుగురు వీరుల జట్టు అతిథులుగా కనిపిస్తారు. అది కూడా అమ్మకాల ఎత్తుగడే అనుకో. అయినా ఎలా కలిపారో చూడు. ఇంట్లో డబ్బుకు కటకటలాడుతున్న కుర్రవాడు, ఉద్యోగం ఇస్తారేమోనని వాళ్ళ భవనంలోకి చొరబడతాడు. తన సత్తా చూపించుకోవడానికి కాసేపు కొట్లాట. తీరా అడిగితే అక్కడ జీతాలే ఉండవు. వచ్చిన దారినే పోతాడు. పుస్తకం మూశాక మనకు గుర్తుండేది వాడి ఖాళీ జేబు.

కొట్లాట అన్నాను కాబట్టి ఒక మాట. రెండు నిమిషాలు మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థం మీద ఆరు పేజీల యుద్ధం నడపకు. మన నాటకాల్లో గయుడి కథ చూడు. గయుడి ఉమ్మి తన దోసిట్లో పడిందని కృష్ణుడు వాణ్ణి చంపుతానని శపథం పట్టాడు, సంగతి అడగకుండా అర్జునుడు వాడికి అభయం ఇచ్చేశాడు. ఇద్దరూ మాటకు కట్టుబడినవాళ్ళే. అందుకే ఆ యుద్ధాన్ని మా ఊళ్ళో తెల్లవార్లూ కళ్ళార్పకుండా చూసేవాళ్ళం.

ఇక నీ అసలు చిక్కు, రెండు కథల రసాలు కలవకపోవడం. స్వాంప్ థింగ్ అనే చిత్తడి నేల మనిషిది ఒళ్ళు జలదరించే బొమ్మల కథ. 1984లో వచ్చిన 24వ సంచికలోకి జస్టిస్ లీగ్ వీరులు రావలసి వచ్చింది. రంగురంగుల దుస్తుల వాళ్ళు చిత్తడి నేలలో దిగితే భయమంతా తేలిపోదూ? రచయిత అలన్ మూర్ వాళ్ళను అంతరిక్ష కేంద్రంలోనే ఉంచేశాడు. కింద మొక్కలు మనుషుల ప్రాణాలు తీస్తుంటే ఏం చేయాలో వాళ్ళకు తోచదు. అంతటి బలవంతులే దిక్కుతోచక నిలబడితే చదివేవాడికి భయం రెట్టింపవుతుంది. పరిష్కారం మాత్రం ఇంటివాడిదే, ఆ చిత్తడి మనిషిది.

ఈ తప్పు నేనూ చేశాను. కుర్రతనంలో ఒక పిల్లల మాసపత్రికకు సీరియల్ రాస్తూ, సంపాదకుడు అడిగాడని, తాతయ్య మంచం పట్టిన ఘట్టంలోకి వేరే సీరియల్లోని నవ్వుల గూఢచారిని తెచ్చాను. సంచిక రాగానే మా అమ్మ చదివి, "ఇంతకీ ఆ తాతయ్య ఉన్నాడా, పోయాడా?" అని అడిగింది. నాకే గుర్తు రాలేదు.

నీ అతిథిని పద్నాలుగో పేజీకి జరుపు. జోకుతోనే రానీ, అది వాడి స్వభావం. సగం మాటలో ఆ క్యారియరు కంట పడాలి. మిగతా సగం మాట రాయకు, మాటల బుడగలో ఆ చోటు ఖాళీగా వదిలెయ్. వాడు ఒంటి చేత్తో బస్సును ఆపగలడు కానీ ఈత రాదు. తాడు పట్టుకుని ఒడ్డున నిలబడేది వాడు, సముద్రంలోకి దిగేది నీ కథలోని అమ్మాయి.

వాడి బొమ్మ నువ్వు గీయకు, ఆ అబ్బాయి చేతే గీయించు. 1994లో ఆర్చీ, పనిషర్ కలిసిన సంచికలో ఆర్చీ లోకాన్ని స్టాన్ గోల్డ్‌బర్గ్, పనిషర్‌ను జాన్ బుసెమా గీశారు. నవ్వుల కుర్రవాడు, తుపాకీ మనిషి ఒకే పేజీలో ఎవరి గీతతో వాళ్ళే ఉంటారు.

ఆదివారం ఇద్దరూ రండి, మీ అత్త పులిహోర చేస్తానంది. అన్నట్టు, ఆ క్యారియరుకు ఎనిమిదో పేజీలో మూడు గిన్నెలు, పదకొండులో నాలుగు ఉన్నాయి. సరిచూసుకో.

మీ మామయ్య